డబ్బింగ్ చెప్పండి, కథ మార్చకండి

2025 సెప్టెంబర్ 12న మన థియేటర్లలో ఒక జపాన్ యానిమే సినిమా, అంటే వాళ్ళ బొమ్మల సినిమా, తెలుగులో రిలీజైంది. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్. జపనీస్, ఇంగ్లీష్, హిందీ, తమిళంతో పాటు తెలుగు ఆడియోతో కూడా వేశారు. పదేళ్ళ కిందట ఈ మాట చెప్తే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఎందుకంటే అప్పటికి యానిమే అంటే మన ఇళ్ళల్లో పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు టీవీలో వేసే బొమ్మలు అనే లెక్కే తప్ప పెద్దవాళ్ళు టికెట్ కొనుక్కుని చూసే సినిమా అని ఎవరూ అనుకోలేదు. 2019లో వెదరింగ్ విత్ యూ అనే సినిమాని ఇండియాలో రిలీజ్ చెయ్యండి బాబూ అని అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టి అడగాల్సొచ్చింది, ఇప్పుడు కంపెనీలే తెలుగు డబ్బింగ్ చేయించి మరీ తెస్తున్నాయి. సోలో లెవెలింగ్ లాంటి సిరీస్‌లు కూడా తెలుగులో వచ్చేశాయి. మాకు చాలా సంతోషంగా ఉంది. కాకపోతే ఈ దారి ఇంకా కొత్తగా ఉన్నప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, పరాయి దేశం కథని మన జనానికి చూపించేటప్పుడు ఏది మార్చొచ్చు, ఏది ముట్టుకోకూడదు అని. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మాటలు నూటికి నూరుపాళ్ళు మనవి అయిపోవాలి, కథా, ఊరూ, మనుషులూ, వాళ్ళు తినే తిండీ మాత్రం వాళ్ళవిగానే ఉండాలి.

ఈ మార్చే అలవాటు ఇవాళ్టిది కాదు. 1963 జనవరి 1న జపాన్ టీవీలో ఆస్ట్రో బాయ్ అనే సీరియల్ మొదలైతే అదే ఏడాది అమెరికాకి ఇంగ్లీష్‌లో వెళ్ళిపోయింది, జపాన్‌లో వచ్చిన 193 ఎపిసోడ్లలో 104 మాత్రమే తీసుకున్నారు. 1972 నాటి గచ్చమన్ అనే సీరియల్‌ని 1978లో అమెరికాలో వేసినప్పుడు కొట్లాటలూ చావులూ తీసేశారు, తీసేస్తే టైం తగ్గిపోయింది కదా, ఆ ఖాళీ నింపడానికి అసలు కథలో లేనే లేని ఒక రోబోని వాళ్ళే కొత్తగా గీయించి మధ్యమధ్యలో అతికించారు. 1985లో వచ్చిన రోబోటెక్ సంగతి ఇంకా విడ్డూరం. అక్కడి లోకల్ స్టేషన్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెయ్యాలంటే కనీసం 65 ఎపిసోడ్లు ఉండాలి, దీనికోసం తెచ్చిన మాక్రాస్ అనే జపాన్ సీరియల్‌కి ఉన్నవి 36, అందుకని దానితో ఏ సంబంధం లేని ఇంకో రెండు సీరియళ్ళు తెచ్చి, తాతా తండ్రీ మనవడూ అన్నట్టు మూడు తరాల యుద్ధం అని కలిపి కుట్టేశారు. దాని వల్లే అక్కడ చాలామంది కుర్రాళ్ళకి యానిమే పరిచయమైంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్ళు చూసింది జపాన్ వాళ్ళు తీసిన కథ కాదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, మా బాధ అక్కడే.

అన్నిటికంటే ఘోరం మియజాకి అనే జపాన్ దర్శకుడు తీసిన నౌసికా సినిమాకి జరిగింది. 1984లో వచ్చిన ఆ సినిమాలో ఒక రాకుమారి ఉంటుంది, విషం చిమ్మే అడవినీ దానిలో తిరిగే కొండంత పురుగుల్నీ చంపుదాం అని అందరూ అంటుంటే, అసలు అవి ఎందుకలా ఉన్నాయో తెలుసుకుందాం అని ఒక్కతే మొక్కలు పెంచుతూ కూర్చుంటుంది. సినిమా ప్రాణం అదే. 1985లో అమెరికాలో ఒక కంపెనీ దీన్ని వారియర్స్ ఆఫ్ ది విండ్ అని పేరు మార్చి, ఇరవై నిమిషాలకు పైగా కోసేసి వదిలింది, కోసినవాటిలో ఎక్కువ భాగం ఆ ఆలోచన ఉన్న సీన్లే. దాంతో పురుగులు ఉత్త రాక్షసులైపోయాయి, రాకుమారి పేరు కూడా జాండ్రా అయిపోయింది, వీడియో క్యాసెట్ అట్ట మీద సినిమాలో లేని మగ వీరుల్ని ముందు పెట్టి ఆ పిల్లని వెనక్కి నెట్టేశారు. ఆ దెబ్బతో మియజాకి సినిమాలు తీసే ఘిబ్లీ స్టూడియో విదేశాలకి సినిమా ఇస్తే ఒక్క ఫ్రేమ్ కూడా కోయకూడదు అనే షరతు పట్టుకుంది. అదే స్టూడియో తీసిన ప్రిన్సెస్ మోనోనోకెని అమెరికాలో రిలీజ్ చేసే మిరామాక్స్ వాళ్ళు దాన్ని కుదించాలని చూస్తే నిర్మాత తోషియో సుజుకి న్యూయార్క్ మీటింగ్‌కి ఒక కత్తి తీసుకెళ్ళి చేతికిచ్చి, కోతలు లేవు అని గట్టిగా చెప్పొచ్చాడు. 1999లో ఆ సినిమా కోత లేకుండానే అక్కడ రిలీజైంది.

కోత ఒక్కటే నష్టం అనుకుంటే పొరపాటు, కలపడం కూడా అంతే నష్టం చేస్తుంది. కికీస్ డెలివరీ సర్వీస్ 1989 నాటి సినిమా. 13 ఏళ్ళ మంత్రగత్తె పిల్ల ఇల్లు వదిలి కొత్త ఊరికొస్తుంది, తోడుగా జీజీ అనే నల్లపిల్లి, అది మాట్లాడేది ఈ పిల్లకి అర్థమవుతుంది. మధ్యలో ఒకరోజు కికీ చీపురు ఎగరడం మానేస్తుంది, పిల్లి మాట్లాడితే మ్యావ్ అని మాత్రమే వినిపిస్తుంది. ఆఖర్లో ఎగిరే శక్తి తిరిగొచ్చి స్నేహితుణ్ణి కాపాడుతుంది, జీజీ వచ్చి భుజం మీద కూర్చుంటుంది, జపనీస్‌లో అప్పుడు కూడా అది మ్యావ్ అనే అంటుంది, అంతే. ఆ పిల్ల పెద్దదైపోయింది, చిన్నప్పటి తోడు ఇక మాటల్లో దొరకదు, అయినా పక్కనే ఉంది. దీన్ని ఎవరూ నోటితో చెప్పరు, చూసేవాళ్ళ గుండెకి అదే తగులుతుంది. 1998లో డిస్నీ చేయించిన ఇంగ్లీష్ డబ్బింగ్‌లో ఫిల్ హార్ట్‌మన్ అనే పెద్ద కమెడియన్ ఈ పిల్లికి గొంతు ఇచ్చాడు, బాగా చెప్పాడు కూడా, అందులో సందేహం లేదు. కానీ పిల్లి నోరు కనపడని చోటల్లా డైలాగులు కలిపారు, మౌనంగా ఉండే చోట్ల మ్యూజిక్ వేశారు, ఆఖరి సీన్లో జీజీ చేత కికీ నా మాట వినిపిస్తోందా అన్నట్టు మాట్లాడించారు. ఒక్క లైను. ఆ ఒక్క లైనుతో అన్నీ మళ్ళీ మామూలైపోయాయి అనే కథ అయిపోయింది, పోగొట్టుకున్నది ఏమీ లేదు అనే కథ అయిపోయింది. తర్వాత 2010లో డీవీడీ మళ్ళీ వేసినప్పుడు ఆ కలిపిన మాటలు చాలావరకు తీసేశారు. అప్పటికి పన్నెండేళ్ళు, ఒక తరం పిల్లలు ఇంకో ముగింపు చూసి పెరిగిపోయారు.

అమెరికాలో వేసిన టీవీ సీరియళ్ళలో ఇలాంటివి కొల్లలు. పోకెమాన్‌లో జపాన్ అన్నం ముద్దలు కళ్ళ ముందు కనపడుతుంటే జెల్లీ డోనట్లు అని చెప్పించారు, తర్వాత్తర్వాత బొమ్మల్నే శాండ్‌విచ్‌లుగా మార్చేశారు. వన్ పీస్‌లో సాంజీ నోట్లో సిగరెట్ తీసి లాలీపాప్ పెట్టారు. సెయిలర్ మూన్‌లో ప్రేమించుకునే ఇద్దరమ్మాయిల్ని వరసకి అక్కచెల్లెళ్ళు అని చెప్పించారు, చూపులూ చేతులూ అలాగే ఉంచేసి చుట్టరికం మాత్రం కలిపితే పిల్లలకి ఇంకా అయోమయం కాక ఏమవుతుంది. 2014లో కొత్తగా మొదలైన డబ్బింగ్‌లో అది సరిదిద్దుకున్నారు.

ఇక మనకి బాగా తెలిసిన డోరేమాన్ దగ్గరికొద్దాం. 2014లో ఈ సీరియల్ అమెరికా వెళ్ళినప్పుడు నోబితా పేరు నోబీ అయింది, షిజుకా స్యూ అయింది, జియాన్ బిగ్ జీ అయ్యాడు. యెన్ నోట్లు డాలర్లయ్యాయి, చాప్‌స్టిక్‌లు ఫోర్కులయ్యాయి, చిలగడదుంపలు కాల్చి అమ్మే బండి పిజ్జా బండి అయిపోయింది, నోబితా పరీక్ష పేపర్ మీద సున్నా కూడా అక్కడి లెక్కలో ఎఫ్ అయింది. పిల్లలకి తెలియని దేశం చూపిస్తే అర్థం కాదు అనేది దీని వెనక ఉన్న భయం. ఆ భయం తప్పు అని చెప్పడానికి మన ఇళ్ళే సాక్ష్యం. హైదరాబాద్‌లో అయినా హనుమాన్ జంక్షన్‌లో అయినా డోరేమాన్ చూసి పెరిగిన పిల్లాడికి నోబితా నోబితాగానే తెలుసు, షిజుకా షిజుకాగానే తెలుసు, డోరాకేక్ తెలుసు, చాప మీద కూర్చుని తినే ఆ చిన్న బల్ల తెలుసు, పక్కకి జరిపే తలుపులు తెలుసు, ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు చెప్పులు విప్పడం అయితే మన ఇంటి పద్ధతే. ఎవరికీ ఫుట్‌నోట్ అక్కర్లేకపోయింది. పిల్లలు తెలియనిది చూస్తే బెదరరు, ఇదేంటి అని అడుగుతారు, అడిగించడమే మంచి కథ చేసే పని.

షిన్‌చాన్ విషయంలో మన దేశం కూడా కొంత తప్పటడుగు వేసిందనే చెప్పాలి. జపాన్‌లో అది పిల్లల కోసమే పెట్టుకున్న కథ కాదు, పెద్దవాళ్ళ పత్రికలో మొదలైన కామిక్. ఇక్కడేమో పిల్లల ఛానల్లో పెట్టేశారు, తల్లిదండ్రులు గొడవ చేశారు, 2008లో ఆపేశారు, మళ్ళీ కోతలతో తెచ్చారు. ఏ వయసు వాళ్ళకో ముందే తేల్చి చెప్పి ఆ టైంలో వేసుంటే కత్తెర అవసరమే వచ్చేది కాదు. ఇంకోటి, జపాన్‌లో షిన్‌చాన్ నాన్న హిరోషి, అమ్మ మిసాయే, మనకి తెలిసింది హ్యారీ, మిట్సీ. ఇవి ఇంగ్లీష్ డబ్బింగ్ మీదుగా మన దగ్గరికి వచ్చిన పేర్లు. పక్కవాళ్ళు మార్చుకున్నదాన్ని మనం అసలు అనుకుని తీసుకున్నాం.

మార్పు అంటేనే తప్పు అని మేం అనట్లేదు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ ఎపిసోడ్ ఒకదాన్లో ఎరుపూ నీలం వెలుగులు టపటపా కొట్టుకుంటే ఆరొందలమందికి పైగా పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు, ఆ ఎపిసోడ్ ఏ దేశంలోనూ వెయ్యలేదు, వెయ్యకపోవడమే న్యాయం. ఇంకో రకం మార్పు ఉంది, అది మాకు చాలా ఇష్టం. 1990ల్లో దూరదర్శన్‌లో మోగ్లీ సీరియల్ వచ్చేది గుర్తుందా, అది జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్ళు తీసిందే, హిందీలో వేసేటప్పుడు గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన టైటిల్ పాట పెట్టారు, షేర్‌ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు ఇచ్చాడు. ఆ పాట జపాన్‌లో లేదు. అయినా కథ ఎక్కడా చెడలేదు, పైగా హిందీ రాని మన పిల్లలు కూడా ఆ పాట నోటికి నేర్చుకుని పాడారు. ప్రేమతో కలపడం అంటే అలా ఉంటుంది, వాకిట్లో ముగ్గు వేసినట్టు, ఇంటి గోడలు ముట్టుకోకుండా.

దీన్ని తెలుగువాళ్ళం మనం గట్టిగా చెప్పాలి అనడానికి ఇంకో కారణం ఉంది. ట్రిపుల్ ఆర్ సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచం మొత్తం చూసింది హిందీ డబ్బింగ్‌లో, అది చూసి బాలీవుడ్ సినిమా అని రాశారు, రాజమౌళి అమెరికాలో స్టేజ్ మీద నిలబడి ఇది తెలుగు సినిమా అని చెప్పాల్సొచ్చింది. అప్పుడు మనకి ఎంత చురుక్కుమందో మర్చిపోకూడదు. అదే జపాన్‌లో చూడండి, 2022 అక్టోబర్ 21న రిలీజ్ చేసి మూడు గంటల సినిమాని సబ్‌టైటిల్స్‌తో తెలుగులోనే వేశారు, జనం నెలల తరబడి చూశారు, కొమురం భీముడూ అల్లూరి సీతారామరాజూ ఎవరో ఆరా తీశారు, జపనీస్ డబ్బింగ్ ఆ తర్వాత 2023లో వచ్చింది, 2024లో తకరాజుకా అనే వాళ్ళ ప్రఖ్యాత ఆడవాళ్ళ నాటక సంస్థ దాన్ని స్టేజ్ ఎక్కించింది. మన భీముణ్ణి భీముడిగానే చూశారు వాళ్ళు. వాళ్ళ కథలు మన దగ్గరికి వస్తుంటే మనం కూడా అంతే మర్యాద చూపించాలి కదా.

చేతకాక కాదు, మనకున్నంత డబ్బింగ్ అనుభవం దేశంలో ఎంతమందికి ఉంది చెప్పండి. రాజశ్రీ, శ్రీరామకృష్ణ, వెన్నెలకంటి లాంటి రచయితలు తమిళ సినిమాల పెదాల కదలికకి తెలుగు మాట ఎంత చక్కగా కూర్చారంటే వాటిని డబ్బింగ్ సినిమాలు అనే సంగతే చాలామంది మర్చిపోయారు. పైగా పెద్దా చిన్నా తేడాని బట్టి పిలుపు మారడం, అన్నని పేరు పెట్టి పిలవకపోవడం, కోపమొస్తే మర్యాద తగ్గిపోవడం, ఇవన్నీ జపనీస్‌లో ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి, మధ్యలో ఇంగ్లీష్ స్క్రిప్ట్ పెట్టుకుంటే మాత్రం అన్నీ రాలిపోతాయి. అందుకే మేం అడిగేది, తెలుగు డబ్బింగ్ జపనీస్ నుంచే రాయించండి, దానికి జపనీస్ వచ్చిన తెలుగువాళ్ళని వెతికి పక్కన కూర్చోబెట్టండి, ఖర్చు పెరుగుతుంది నిజమే, కానీ ఆ భాష నేర్చుకున్న మన పిల్లలకి అదో ఉద్యోగం కూడా అవుతుంది. అలాగే డైలాగుల్లో నిన్నగాక మొన్న వచ్చిన మన సినిమా పంచ్‌లు ఇరికించకండి, థియేటర్లో ఒక్క నవ్వు వస్తుందేమో గానీ డీమన్ స్లేయర్‌లో, వందేళ్ళ కిందటి తైషో కాలం నాటి జపాన్‌లో కత్తి పట్టుకుని నిలబడ్డ కుర్రాడి నోట్లో అది అతకదు, రెండేళ్ళు పోతే ఆ నవ్వు కూడా రాదు.

ప్లాట్‌ఫామ్‌లకి ఒక మాట. తెలుగు ఆడియో ఇస్తున్నారు, థ్యాంక్స్, దానితో పాటు జపనీస్ గొంతులు వింటూ తెలుగులో చదువుకునేలా తెలుగు సబ్‌టైటిల్స్ కూడా ప్రతి సిరీస్‌కీ ఇవ్వండి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదివే అవకాశం లేనివాళ్ళకి కూడా ఆ గొంతులు వినే హక్కుంది. ఎక్కడైనా సీన్ కోస్తే కోశాం అని మొదట్లోనే స్క్రీన్ మీద చెప్పండి. డైలాగ్ రాసిందెవరో, డీమన్ స్లేయర్ హీరో టాంజిరోకి తెలుగు గొంతు ఇచ్చిందెవరో పేర్లు తెలుగులో వెయ్యండి, సినిమాకి ముందు సెన్సార్ సర్టిఫికెట్ ఎంతసేపు ఉంచుతారో అంతసేపు ఉంచినా చాలు.