సవరణ: మగ పండ్ల ఈగలో ఎక్స్ క్రోమోజోము

హైదరాబాద్ ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాక్టికల్ కోసం పెట్టిన పోస్టులో, ఆడ డ్రోసోఫిలాలో (పండ్ల ఈగలో) రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పనిచేయకుండా మూతపడుతుందని రాశాను. అది తప్పు. అలా జరిగేది ఎలుకల్లో, మనుషుల్లో.

ఆడ ఈగలో రెండు ఎక్స్‌లూ పనిచేస్తాయి. మగదానికున్న ఒక్క ఎక్సే దాదాపు రెట్టింపు ఆర్ఎన్ఏ ఇస్తుంది. లాలాజల గ్రంథి క్రోమోజోముల మీద 1965లో ముఖర్జీ, బీర్మన్ చేసిన కొలతలు చూపింది ఇదే. ఆ పని ఎలా జరుగుతుందో తర్వాతి జన్యు పరిశోధనలు తేల్చాయి. ఎంఎస్ఎల్ అనే ప్రొటీన్ల సముదాయం రాక్స్ అనే ఆర్ఎన్ఏలతో కలిసి మగ ఎక్స్ పొడవునా అంటుకుంటుంది. అందులోని మాఫ్ అనే ఎంజైము, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ హెచ్4 ప్రొటీన్‌లో 16వ లైసీన్‌కు (ఒక అమైనో ఆమ్లానికి) ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపును తగిలిస్తుంది, క్రోమాటిన్ (డీఎన్ఏ, ప్రొటీన్ల చుట్ట) వదులై ఆర్ఎన్ఏ ఎక్కువగా తయారవుతుంది. ఆడ ఈగలో సెక్స్-లీథల్ అనే ప్రొటీన్, ఆ సముదాయంలోని ఎంఎస్ఎల్-2ను తయారు కానివ్వదు. ఎంఎస్ఎల్-2 జన్యువు పూర్తిగా పాడైతే మగవి పెద్ద ఈగలు కాకముందే చనిపోతాయి, ఆడవి మామూలుగా బతుకుతాయి. ఒక్క ఈ తేడా చాలు, నా పాత వివరణ నిలవదని తెలియడానికి.

లార్వాల లాలాజల గ్రంథితో చేసే ప్రాక్టికల్ స్లైడులోనూ ఇది కనబడుతుంది. మూడో దశ లార్వాల్లో వెనుక భాగాన రెండు పక్కలా పెద్ద, పారదర్శకమైన గుండ్రటి మచ్చలున్నవి మగవి. ఎసిటో-ఆర్సీన్ రంగు వేశాక, జత లేకపోయినా మగవాటి ఎక్స్ మిగతా క్రోమోజోములంత వెడల్పుగా, లేత రంగులో ఉంటుంది. కవర్‌స్లిప్ మీద బొటనవేలు మరీ నొక్కితే అన్నీ చదునై వెడల్పు పోల్చలేం. మన ఎండల్లో బల్లమీది సీసాల్లో లార్వాలు చిన్నవిగా వస్తాయి, 18 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, సీసాకు తక్కువ లార్వాలతో పలుచగా పెంచండి.