ఫ్రిజ్‌లో గాజు బుడ్డి

పోయిన నెల బెంగళూరు వెళ్లినప్పుడు మారతహళ్లిలో మా మేనల్లుడి ఫ్లాట్‌లో దిగాను. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీస్తే, దోసెల పిండి గిన్నెకీ మా అక్క పంపిన గోంగూర పచ్చడి సీసాకీ మధ్య వేలెడంత గాజు బుడ్డి కనిపించింది. అడుగున చిటికెడు తెల్లపొడి. పైన ‘డీఎస్ఐపీ’ అనీ, కింద చిన్న అక్షరాల్లో పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అనీ ఇంగ్లిష్‌లో రాసుంది.

“గాఢనిద్ర పెంచుతుందట మామయ్యా. ఆన్‌లైన్‌లో తెప్పించా, ఇంకా సూది వేసుకోలేదు” అన్నాడు.

వాడి పని అమెరికా టైముకి నడుస్తుంది. కాల్స్ అయ్యేసరికి రాత్రి రెండున్నర, ఏడింటికల్లా కింద హారన్లు. వేలికున్న స్మార్ట్ రింగ్ రోజూ పొద్దున్నే ‘డీప్ స్లీప్’ ఇన్ని నిమిషాలు అని చూపిస్తుంది. ఆ అంకె తగ్గితే వాడికి రోజంతా టెన్షన్.

ఆ పొడి కథ పాతదే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మోనియే, షోనెన్‌బెర్గర్ బృందం కుందేళ్ల మెదడులో థాలమస్ అనే భాగాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి నిద్రపుచ్చింది. ఆ మెదడు నుంచి వచ్చే రక్తంలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి వేరే కుందేళ్ల మెదడులోకి ఎక్కిస్తే, వాటిలో డెల్టా తరంగాలు, అంటే గాఢనిద్రలో మెదడులో కనిపించే నెమ్మది తరంగాలు, పెరిగాయి. 1977లో దాని నిర్మాణం ప్రకటించారు. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ‘డెల్టా నిద్రను రప్పించే పెప్టైడ్’ అని పేరు పెట్టేశారు. ఇంగ్లిష్‌లో దాని పొట్టిపేరే డీఎస్ఐపీ. నా అభిప్రాయంలో చిక్కంతా ఆ పేరుతోనే మొదలైంది. కుందేలు మెదడులో కనిపించిన ఒక ప్రభావం, మనిషికి దొరికిన మందు అన్నంత ధీమాగా వినిపిస్తుంది.

ఇన్నేళ్లు గడిచినా ఆ పెప్టైడ్‌ని తయారుచేసే జన్యువు ఏదో తేలలేదు, మెదడులో అది ఏ గ్రాహకాన్ని (రిసెప్టర్‌ని) తాకుతుందో తేలలేదు. రక్తంలో పడ్డాక నిమిషాల్లోనే విరిగిపోతుంది. 1992లో దీర్ఘకాలంగా నిద్రలేమితో బాధపడుతున్న 16 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఎవరికి మందు ఇచ్చారో, ఎవరికి ఉత్త ఇంజెక్షన్ ఇచ్చారో రోగులకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. నిద్రను కొలిచే యంత్రం లెక్కల్లో కాస్త మెరుగు కనిపించింది కానీ, బాగా నిద్రపట్టిందని రోగులకు అనిపించలేదు. చికిత్సగా పెద్ద మేలు ఉండకపోవచ్చని పరిశోధకులే రాశారు. నిద్ర మందుగా దీనికి ఇండియాలోనూ అమెరికాలోనూ అనుమతి లేదు.

మావాడి విషయంలో అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. శరీరం గాఢనిద్రను రాత్రి మొదటి భాగంలోనే ఎక్కువగా తీసేసుకుంటుంది. నాలుగున్నర గంటలే పడుకున్నవాడు ముఖ్యంగా పోగొట్టుకునేది తెల్లవారుజామున వచ్చే కలల నిద్ర. అంటే వాడికి కొరవడింది డెల్టా కాదు, గంటలు. ఆ గంటల్ని ఏ సూదీ తిరిగివ్వదు. పైగా రింగ్ చూసేది నాడిని, కదలికని. డెల్టా తరంగాలు తెలియాలంటే తలకి ఎలక్ట్రోడ్లు అంటించి చూడాలి. రింగ్ వేసిన అంచనాని రిపోర్టులా నమ్మి, దాన్ని పెంచడానికి సూది పొడుచుకోబోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ పొడి ఎంత శుభ్రంగా తయారైందో, లేబుల్ మీద ఉన్నదే లోపల ఉందో లేదో చెప్పే నాథుడు లేడు.

కాల్స్ మధ్యలో రాత్రి పది గంటలకి తాగే ఫిల్టర్ కాఫీ సంగతి వాడు లెక్కలోకే తీసుకోలేదు. అందులోని కెఫీన్ సగం వదలడానికే ఐదు గంటల దాకా పడుతుంది. పగలంతా పేరుకునే నిద్రమత్తుకి కారణమైన అడినోసిన్ అనే రసాయనాన్ని అడ్డుకుని, గాఢనిద్రని నిజంగా పలచబరిచేది అదే.

పడుకున్నా నిద్ర రాని బాధ నెలల తరబడి ఉంటే దానికి దారి ఉంది. ఆలోచనల్నీ పడక అలవాట్లనీ సరిచేసే సీబీటీ చికిత్సనే మొదట ఇవ్వాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లో సిఫార్సు చేసింది. మాత్రలు ఆ తర్వాతే. నిద్ర మీద పరిశోధన చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉంటూ, మనవాళ్లు కొరియర్‌లో వచ్చే బుడ్డి కోసం ఎదురుచూడటం నాకు మింగుడుపడటం లేదు.

బయల్దేరే రోజు మళ్లీ ఫ్రిజ్ తీశాను. బుడ్డి ఇంకా అక్కడే ఉంది. “మేనేజర్‌ని అడిగావురా?” అన్నాను. వారంలో రెండు రోజులైనా కాల్స్ పదకొండుకల్లా ముగించమని అడగమన్నాను ముందురోజు. “మెయిల్ రాశా మామయ్యా, పంపలేదు” అన్నాడు. నా ముందే పంపించి బస్సెక్కాను.