మా డిస్కు పరువు తీయకండి

ఒక రాత్రి భోజనాలయ్యాక మా పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు ఎంత వేగంగా రాస్తుందో చూద్దామని, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి డీడీ అనే కమాండ్ కొట్టాను. ఒక జీబీ సున్నాలు డిస్కులో రాయమన్నాను. కన్ను మూసి తెరిచేలోగా జవాబొచ్చింది: సెకనుకు 1.9 జీబీ. లోపల ఉన్నది గిరగిరా తిరిగే పాతకాలం హార్డ్ డిస్కే. అలాంటిది 150 ఎంబీ ఇస్తేనే గొప్ప అంటారు. మా ఇంట్లో తిండి బలం అలాంటిది మరి.

అంతలో మా బావమరిది ఊడిపడ్డాడు. "బావా, అది డిస్కు వేగం కాదు, ర్యామ్ (తాత్కాలిక మెమరీ) వేగం. నీ కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉందే, డేటాను ర్యామ్‌లో పెట్టుకుని 'రాసేశా' అనేస్తుంది. అసలు రాత తీరిగ్గా తర్వాత మొదలెడుతుంది. చివర్లో కన్వ్=ఎఫ్‌డేటాసింక్ అని తగిలించు, రాత నిజంగా డిస్కుకు చేరాకే లెక్క చెబుతుంది." తగిలించాను. 92 ఎంబీ. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇలాంటి ఆప్షన్లను వెంటనే నిషేధించాలని నా డిమాండ్. పెళ్లిచూపుల్లో అబ్బాయి ప్యాకేజీ చెబుతారు గానీ, చేతికొచ్చేది ఎంతో చెబుతారా? ఈ ఎఫ్‌డేటాసింక్ ఉందే, నిండు సభలో పే స్లిప్ అడిగే మేనమామ లాంటిది.

నెట్ సంగతీ అంతే. 100 ఎంబీపీఎస్ ప్లాన్ వేయించాను. వీగెట్ అనే ప్రోగ్రామ్‌తో ఫైలు దింపుతుంటే 11 చూపించింది. కంపెనీవాళ్లు చెప్పేది బిట్లలోనట, వీగెట్ చూపేది బైట్లలోనట, ఎనిమిదితో భాగించుకోవాలట. ఇంగ్లీషులో చిన్న బీ అయితే బిట్, పెద్ద బీ అయితే బైట్. మన లిపిలో చిన్నక్షరం, పెద్దక్షరం అనే గొడవే లేదు కదా, ఈ ఎనిమిది భాగాహారం తెలుగువాళ్లకు ఎలా వర్తిస్తుందో నాకు అర్థం కాలేదు.

పోనీ ఇంట్లో వైఫై సంగతి తేల్చుకుందామని నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 పెట్టాను. దీనికి మామూలుగా రెండు మెషీన్లు కావాలి, ఒకటి డేటా అందుకునే సర్వర్, ఒకటి పంపే క్లయింట్. వెనక గదిలోంచి 38 మెగాబిట్లు వచ్చింది. కేబుల్ గుచ్చితే 94. రౌటర్‌లో ఉన్నది వంద మెగాబిట్ల పోర్టే కాబట్టి అంతకు మించి రాదని బావమరిది తీర్పు. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. సర్వర్, క్లయింట్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడిపి 127.0.0.1కి, అంటే ల్యాప్‌టాప్ సొంత అడ్రసుకే కొట్టాను. ఏకంగా 20 గిగాబిట్లు! స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పెద్దత్తయ్య దండం ఎమోజీ పెట్టింది.

మొన్న మా ఆవిడ పెళ్లి వీడియో కాపీ చేయబోతే డిస్కులో చోటు లేదంది. వెళ్లి చూశాను. నా డీడీ పరీక్షల ఫైళ్లు టెస్ట్1 నుంచి టెస్ట్40 దాకా వరసగా ఉన్నాయి. నలభై జీబీల సున్నాలు.

చెరపడానికి మనసొప్పలేదు. అన్నీ సెకనుకు 1.9 జీబీ చొప్పున రాసినవి.