గూడబాతులపై ఆక్రమణ కేసు

కొల్లేరు అభయారణ్యంలో ఆక్రమణల వ్యవహారం ఏళ్ల తరబడి తెగకపోవడానికి కారణం, అసలు ఆక్రమణదారులెవరో ఇంతవరకూ ఏ అధికారీ గుర్తించకపోవడమే. అటవీ శాఖ చేపల చెరువుల వైపు వేలెత్తి చూపింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వచ్చి అది కూడా అటే చూసి వెళ్లింది. లక్షలు పోసి మేత వేసి పెంచిన చేపను పట్టపగలు మింగి, గట్టు మీద రెక్కలు ఆరబెట్టుకుని, పైసా చెల్లించకుండా ఎగిరిపోయే గూడబాతులకు మాత్రం ఒక్కరంటే ఒక్కరు నోటీసు ఇచ్చిన పాపాన పోలేదు. ఈ లోపాన్ని సవరించాలని ఏలినవారికి సవినయంగా మనవి చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం ఎక్కడ గాడి తప్పిందో ముందుగా చూద్దాం. 1999 అక్టోబరులో ప్రభుత్వం, సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున ఉండే కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల కూడా అయింది. అభయారణ్యంలో వన్యప్రాణుల ఆవాసాన్ని ధ్వంసం చేయకూడదనీ, లోపలికి వచ్చే నీటినీ బయటికి పోయే నీటినీ ఆపడం గానీ మళ్లించడం గానీ కూడదనీ, తప్పనిసరైతే అది వన్యప్రాణుల మేలు కోసమేనని తేలాకే అనుమతి ఇవ్వాలనీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. చేపల చెరువు గట్టు ఒక్కటే ఈ పనులన్నిటినీ ఏకకాలంలో చేసి పెడుతుంది కనుక, ఒక్కో పనికి ఒక్కో దరఖాస్తు పెట్టి కార్యాలయం కాగితాలు వృథా చేయడం ఇష్టం లేక మనవారు అసలు దరఖాస్తే పెట్టలేదు.

ఇంతటి పొదుపును గుర్తించకుండా, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లను పేల్చివేశారు. మట్టి ఎక్కడికీ పోలేదు; కొన్నాళ్లకు మళ్లీ గట్టెక్కింది. అయితే గట్లు మాటిమాటికీ వేసుకోవడం ఖర్చుతో కూడిన పని. దానికన్నా గీతను జరపడం చవక. అందుకే 2008లో శాసనసభ అభయారణ్యాన్ని అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. ఆ లెక్కన 308 చదరపు కిలోమీటర్లు 135 అవుతాయి. అభయారణ్యం హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండి తీరాలని అదే చట్టంలోని 26ఏ సెక్షన్ అడ్డుపడింది. కేంద్రం కమిటీ వేసింది. దానికి నాయకత్వం వహించిన అజీజ్ గారు అప్పట్లో సలీం అలీ పేరిట ఉన్న పక్షి శాస్త్ర కేంద్రానికి అధిపతి. అయిదో కాంటూరును కదపవద్దని ఆ కమిటీ చెప్పడంలో కొంత పక్షపాతం ఉందని అనుమానించక తప్పదు. చేపల మేత వ్యాపారుల సంఘం నుంచి ఎవరినైనా వేసి ఉంటే నివేదిక సమతూకంగా వచ్చేది.

మూడుకూ అయిదుకూ మధ్య ఉన్నది రెండడుగులే గదా, దానికింత రాద్ధాంతమా అని సామాన్యులు అడుగుతారు. కొల్లేరు పళ్లెంలా పరుచుకున్న సరస్సు. అక్కడ రెండడుగుల ఎత్తు అంటే మైళ్ల కొద్దీ పలచని నీరు, ఎర్రకాళ్ల కొంగలు మోకాలి లోతులో నిలబడి తిండి వెతుక్కునే చోటు. అక్కడ చెరువు తవ్వితే కొంగ కాలుకు నేల అందదు. ఇందుకు కొంగలే బాధ్యత వహించాలి. డెల్టాలో ఇన్ని తరాలుగా కాపురం ఉంటూ, మారిన ఆర్థిక విధానాలకు తగినట్టు కాళ్లు పెంచుకోకపోవడం వాటి అశ్రద్ధ.

నీటి ప్రవర్తన ఇంకా ఘోరం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వానాకాలంలో ఒక్కసారిగా వచ్చి పడతాయి, సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. నిండుగా పొంగి పదో కాంటూరును తాకిందంటే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. మూడో కాంటూరు వద్ద ఆగవలసిందిగా శాసనసభ ఏకకంఠంతో కోరినా, ఈ వరద ఆ తీర్మానాన్ని చదివిన దాఖలా లేదు. గట్లు అడ్డుపడి ఎగువన ఊళ్లు మునిగితే అది నీటిపారుదల శాఖ చూసుకోవలసిన విషయం గనుక ఇక్కడ ప్రస్తావించను.

పక్షులకు మనం ఏమీ చేయలేదన్న అపవాదు కూడా సరికాదు. కైకలూరు దగ్గర ఆటపాకలో, గూళ్లకు చెట్లు చాలకపోతే అటవీ శాఖ నీటి మధ్యన ఇనుప స్టాండ్లు నిలబెట్టించింది, గూడబాతులు వాటి మీదే పిల్లల్ని చేస్తున్నాయి. రేషన్ కార్డు అడగకుండా, ఓటు హక్కు లేకపోయినా, లబ్ధిదారుల జాబితాలో ఎమ్మెల్యే గారి సిఫారసు లేకుండానే పక్కా ఇల్లు దక్కిన జీవులు రాష్ట్రంలో ఇంకెవరున్నారు? ఇల్లు ఇచ్చాక చేను కూడా కావాలనడం అత్యాశ.

ఒక్క విషయంలో మాత్రం వ్యంగ్యానికి చోటు లేదు. అభయారణ్యం లోపల జిరాయితీ పట్టాలున్న చిన్న రైతుకు రావలసిన పరిహారాన్ని ఏళ్ల తరబడి నాన్చిన ప్రభుత్వం, వలే ఆధారంగా బతికే వడ్డి కులపు మత్స్యకార కుటుంబాలను పట్టించుకోని ప్రభుత్వం, గీత కుదింపు కోసం మాట్లాడేటప్పుడు మాత్రం వారిద్దరినీ ముందు వరుసలో కూర్చోబెడుతుంది. వెనక వరుసలో ఎవరుంటారో లంక గ్రామాల్లో అడిగితే పేర్లు చెబుతారు.

కనుక గీత జరిగిన నాడు బయటపడే 173 చదరపు కిలోమీటర్లను పేద మత్స్యకారులకే పంచాలని నా విన్నపం. 1970ల్లో మత్స్యకార సొసైటీల పేర ఇచ్చిన చెరువులు చివరికి ఎవరి లీజులో తేలాయో అందరికీ తెలిసిందే. అందువల్ల ఈసారి పంపిణీ జీవోతో పాటే లీజు పత్రం నమూనాను కూడా జతచేస్తే, సంతకం కోసం పేదవాడు రెండుసార్లు కైకలూరు తిరిగే శ్రమ తప్పుతుంది.