సబ్‌మాడ్యూల్ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ గిట్ సబ్‌మాడ్యూల్ గారికి,

నెల్లూరు నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. కోడ్ చరిత్రను దాచే గిట్‌లో, ఒక ప్రాజెక్టు లోపల ఇంకో ప్రాజెక్టు కోడ్‌ని పెట్టుకునే ఏర్పాటు కదా తమరు. తమరి క్షేమం కనుక్కుందామని, కొత్తగా చేరిన అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తమరి ఫోల్డర్ తెరిచాం. లోపల ఏమీ లేదు. ప్రాజెక్టు మొత్తం క్లోన్ అయింది, అంటే సర్వర్ నుంచి కాపీ దిగింది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, ఫోల్డర్ పేరు చక్కగా కనబడుతోంది. సరుకు మాత్రం లేదు. క్లోన్ వెనకాల రికర్స్ సబ్‌మాడ్యూల్స్ అని తోక తగిలించి పిలిస్తే తప్ప తమరు దయచేయరని ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? తమరైతే చెప్పలేదు.

మేం రొయ్యల గుంటల దగ్గర నీటిలో గాలి కలిపే ఏరేటర్లను నడిపే చిన్న పెట్టెకి సాఫ్ట్‌వేర్ రాస్తాం. రాత్రంతా గుంటలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళకి ఏరేటర్ తిరగకపోతే రైతు పెట్టుబడి ఆ గుంటలోనే పోతుంది. అందుకని ఏ పెట్టెలో ఏ కోడ్ ఉందో మాకు కచ్చితంగా తెలియాలి. తమరిని తెచ్చిపెట్టుకున్నది దానికే.

కచ్చితత్వంలో తమరికి వంక పెట్టలేను. 2007లో గిట్ 1.5.3తో వచ్చిన నాటి నుంచీ తమరి పద్ధతి ఒకటే. తల్లి రిపోలో, అంటే తమరిని పెట్టుకున్న ప్రాజెక్టు కోడ్ నిల్వలో, తమరి కోడ్ ఒక్క లైను కూడా ఉండదు. తమరు ఏ కమిట్ (భద్రపరిచిన మార్పు) దగ్గర నిలబడాలో చెప్పే హ్యాష్ అనే గుర్తు ఒకటి ఉంటుంది, 40 అక్షరాలు, అంతే. బ్రాంచి (పని సాగే పాయ) పేరు కావాలంటే .గిట్‌మాడ్యూల్స్ అనే తమరి వివరాల ఫైల్లో రాసుకోవచ్చు గానీ, అప్‌డేట్ కమాండ్‌కి రిమోట్ అని ప్రత్యేకంగా చెబితేనే దాని మొహం చూస్తారు. మామూలుగా అప్‌డేట్ కొట్టిన ప్రతిసారీ మమ్మల్ని ఏ బ్రాంచీకీ చెందని చోట, డిటాచ్డ్ హెడ్‌లో దించి వెళ్లిపోతారు. కావలి ఊరి నుంచి వచ్చే మా అబ్బాయి అక్కడే కూర్చుని సెన్సర్ కోడ్ సరిచేశాడు, కమిట్ చేశాడు, టీ తాగొచ్చి మళ్లీ అప్‌డేట్ కొట్టాడు. తమరు పాత హ్యాష్ దగ్గరికి వెళ్లి నిలబడి, ఫలానా హ్యాష్ చెకౌట్ అయిందని ఒక్క ముక్క చెప్పారు. వాడు పొద్దున్నుంచీ చేసిన పని ఏమైందన్నది తమరికి పట్టలేదు. "ఏంది సామీ ఇదీ" అని వాడు తల పట్టుకుంటే, గిట్ తన ప్రతి అడుగూ రాసుకునే రిఫ్‌లాగ్ తవ్వి బయటికి తీశాం.

ఇంకో రకం చూడండి. తమరి లోపల ఒక కమిట్ చేసి, తల్లిలో కొత్త హ్యాష్ కమిట్ చేసి, తల్లిని మాత్రం పుష్ చేస్తారు (సర్వర్‌కి పంపుతారు) కొందరు. పుష్ హాయిగా వెళ్లిపోతుంది. తెల్లారి మిగతా ఎవరికీ ఆ హ్యాష్ దొరకదు. అది ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్ యజమాని రొట్టెల పండక్కి సెలవు పెట్టి, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో పెళ్లి రొట్టె పట్టుకుంటున్నాడు, ఫోన్ ఒడ్డున చెప్పుల దగ్గరుంది. పుష్‌కి సంబంధించిన రికర్స్ సబ్‌మాడ్యూల్స్ సెట్టింగ్‌లో చెక్ అని పెడితే ఇలాంటి పుష్‌ని తమరు ఆపుతారు. అంటే ఆపడం చేతనవును. అడగందే ఆపరు.

అడ్రసు మారినప్పుడు తమరి వ్యవహారం చూస్తే నాకు మా కందుకూరు గుర్తొస్తుంది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు నుంచి అటు వెళ్లింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు మారింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. ఇన్ని జరిగినా మా వీధిలో ఒక్క ఇటుక కదల్లేదు. మారిందల్లా కాగితమే, అదీ గెజిట్లో. మా పెద్దమ్మ ఆధార్ కార్డుకి గెజిట్ సంగతేం తెలుసు? ఆవిడ సెంటర్‌కి వెళ్లి, లైన్లో నిలబడి మార్పించుకునేదాకా అందులో ప్రకాశమే. తమరూ అంతే. రిపో వేరే సర్వర్‌కి మారితే .గిట్‌మాడ్యూల్స్‌లో కొత్త అడ్రసు రాసి పుష్ చేస్తాం, అది గెజిట్. అందరూ పుల్ చేసి దించుకుంటారు, అందరికీ కొత్త అడ్రసు కళ్లెదుట ఉంటుంది. తమరు మాత్రం ఒక్కొక్కరి ల్యాప్‌టాప్‌లోని .గిట్ కాన్ఫిగ్ ఫైల్లో మొదటి రోజు రాసుకున్న పాత అడ్రసుకే వెళ్లి తలుపు కొడతారు. గిట్ సబ్‌మాడ్యూల్ సింక్ అని ఎవరికి వారు కొట్టుకోవాలి. పెద్దమ్మకైనా పక్కింటావిడ చెప్పింది. పాత సర్వర్ ఇంకా బతికే ఉంటే మాకు ఎవరూ చెప్పరు, తమరు నిశ్శబ్దంగా అక్కడి నుంచే తెస్తుంటారు.

లోపల్లోపలి తమరి సంతానం సంగతి మరీ టెన్షన్. చిప్ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కిట్ ఒక సబ్‌మాడ్యూల్, దాని కడుపులో మరికొన్ని. సందేశాలు పంపే ఎంక్యూటీటీ లైబ్రరీ మాకు ఒకటుంది, కిట్ లోపల ఇంకొకటుంది, రెండూ వేర్వేరు కమిట్ల మీద. తమరి లెక్కలో రెండూ సరైనవే. కోడ్ ముక్కల్ని కలిపి ఒకటి చేసే లింకర్ దగ్గరికి వెళ్లాక ఒకే ఫంక్షన్ రెండుసార్లు ఉందని గోల. ఎవరైనా ఇంకో రిపోని మా ఫోల్డర్లో క్లోన్ చేసి, చూసుకోకుండా యాడ్ కొడితే గిట్ ఒక పొడుగాటి హెచ్చరిక ఇచ్చి, ఇచ్చాక కూడా యాడ్ చేసేస్తుంది. హ్యాష్ ఉంటుంది, .గిట్‌మాడ్యూల్స్‌లో నమోదు ఉండదు. మిగతావాళ్లకి మళ్లీ ఖాళీ ఫోల్డరే.

వదిలించుకుందామా అంటే అదీ తేలిక కాదు. తీసేయమని గిట్ ఆర్ఎమ్ కొడితే ఫోల్డర్ పోతుంది, .గిట్‌మాడ్యూల్స్‌లో నమోదు పోతుంది. .గిట్ లోపలి మాడ్యూల్స్‌లో తమరి పాత కాపురం అలాగే ఉంటుంది. అదే పేరుతో వేరే రిపో తెచ్చుకుంటే, ఆ పేరుతో ఇక్కడ ఇప్పటికే ఒకరున్నారని అడ్డం పడతారు.

సబ్‌ట్రీకి మారమని చాలామంది సలహా ఇచ్చారు. అందులో కోడ్ మొత్తం మన రిపోలోకే వచ్చి పడుతుంది, క్లోన్ చేస్తే ఖాళీ ఫోల్డర్ల బాధ లేదు. ప్రయత్నించాం. నెల తిరక్కుండా ఏది మనదో ఏది పరాయిదో తెలియకుండా అందరూ అన్నింట్లో చేతులు పెట్టేశారు, పైనుంచి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మెర్జ్ చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇటు తమరి దగ్గరైతే, మైపాడు వైపు ఒక రైతు ఫోన్ చేసి పెట్టె ఆగిపోతోందంటే, ఆ పెట్టెలోని హ్యాష్ చూసి కిట్‌తో సహా అదే కోడ్‌ని పది నిమిషాల్లో మళ్లీ బిల్డ్ చేసుకున్నాం. ఆ ఒక్కదానికీ తమరిని భరిస్తున్నాం. ఇంత తెలిసినవారు ఆ తెలిసింది నోరు తెరిచి ఎందుకు చెప్పరన్నదే మా బాధ.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఖాళీ ఫోల్డర్ల బాధితుడు,
నెల్లూరు

తా.క.: ఇవన్నీ పడలేకపోతే సబ్‌మాడ్యూల్ రికర్స్ సెట్టింగ్‌ని ట్రూ పెట్టుకోమని తమరి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. పెట్టుకున్నాం. పుల్, చెకౌట్, పుష్ అన్నిటికీ పనిచేస్తోంది. క్లోన్‌కి మాత్రం వర్తించదట. సోమవారం ఇంకో కుర్రాడు చేరుతున్నాడు.