ముఖ సాముద్రికం చెప్పినట్టు ముక్కు చెక్కవచ్చా?

ముక్కుపుటాలు ఎదుటివారికి కనిపిస్తే డబ్బు నిలవదు. చెక్కిలి ఎముకలు ఎత్తుగా ఉన్న స్త్రీ భర్తకు అచ్చిరాదు. గడ్డం లోపలికి పోతే ముసలితనంలో ఆసరా ఉండదు. చైనా, కొరియా ముఖ సాముద్రికంలో తరతరాలుగా వస్తున్న మాటలివి. వీటిని పట్టుకునే సర్జన్ దగ్గరికి వెళ్లేవాళ్లు తూర్పు ఆసియాలో తక్కువేమీ లేరు. ముఖానికి పొందిక తెస్తామనే కాస్మెటిక్ సర్జరీ ప్రకటనల్లోకి కూడా ఈ భాష చేరింది. పొందిక కోసం చేసే ఆపరేషన్ వేరు, అదృష్టం కోసం చేసేది వేరు. రెండూ కలగాపులగమైతే నష్టపోయేది పేషెంటే.

సాముద్రికానికీ సర్జరీకీ చుట్టరికం లేదని అనలేం. చైనా పద్ధతిలో ముఖాన్ని నిలువుగా మూడు సమభాగాలు చేస్తారు: జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, అక్కడి నుంచి ముక్కు అడుగు దాకా, అక్కడి నుంచి గడ్డం కొస దాకా. అడ్డంగా ఐదు కళ్ల వెడల్పు. సర్జన్ కాలిపర్‌తో కొలవడం మొదలుపెట్టేదీ దాదాపు ఈ గీతల మీదే. వరాహమిహిరుడి బృహత్సంహిత కూడా విగ్రహాల కొలతలు చెప్పేచోట నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటి 4 అంగుళాలు (ఇంచీలు కావు, విగ్రహం సైజును బట్టి మారే పాత కొలత), ముఖం మొత్తం 12 అంగుళాలు ఉండాలంటుంది. అక్కడే, నగ్నజిత్తు అనే ప్రాచీన శిల్పశాస్త్రకారుడి లెక్కలో ద్రావిడ ప్రమాణం ప్రకారం ముఖం పొడవు 14 అంగుళాలని చెబుతుంది. ఒకే కొలత అందరి ముఖాలకూ నప్పదన్న ఎరుక అంత పాతది. ఇటీవలి కాలానికొస్తే, కెనడాలో లెస్లీ ఫర్కాష్ బృందం 1985లో ప్రచురించిన కొలతల్లో ఐరోపా పునరుజ్జీవన కాలపు సూత్రాలు శ్వేతజాతి యువత ముఖాలకే చాలావరకు సరిపోలేదు. అందానికి ఆదర్శమని చెప్పే స్వర్ణ నిష్పత్తి 1.618తో గీసిన ముసుగును ఫొటో మీద పెట్టి లోపాలు చూపించే క్లినిక్‌ను నమ్మకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

సర్జరీలో పొందిక అంటే ఒక భాగానికి పక్క భాగంతో ఉన్న సంబంధం. సాముద్రికం మాత్రం చాలావరకు ఏ అవయవం ఫలితాన్ని ఆ అవయవానికే రాస్తుంది: ముక్కు ధనస్థానం, గడ్డం వృద్ధాప్యం, పైపెదవి మీది గాడి ఆయుష్షు. పక్క నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదిగా కనిపిస్తోందనుకుందాం. ముక్కు కొస ముందుకు వచ్చిన దూరం దాని పొడవులో 0.55 నుంచి 0.60 వంతు మధ్య ఉంటే ముక్కు కొస అతిగా ముందుకు రానట్టే. అప్పుడు చూడాల్సింది గడ్డం. అది నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి ఉన్నా ముక్కు పెద్దదైనట్టు భ్రమ కలుగుతుంది. అక్కడ ముక్కు దూలాన్ని అరగదీస్తే రెండు తప్పులు ఒకే ముఖంలో చేరతాయి.

మరో చిక్కు కూడా ఉంది. సాముద్రికం కోరేదీ నేటి అందం కోరేదీ తరచూ ఎదురెదురుగా నిలుస్తాయి. గుండ్రంగా, కండపట్టి ఉన్న ముక్కు కొస సంపదకు గుర్తని ఒకరంటారు, సన్నని కొస కావాలని మరొకరంటారు. పైపెదవి మీది గాడి పొడవుగా ఉంటే దీర్ఘాయువట. పెదవిని పైకి లేపే సర్జరీ చేసేదే ఆ గాడిని కురచ చేయడం. వెడల్పైన దవడ స్థిరత్వమైతే, కోసుగా ఉండే దవడ ఫ్యాషన్. అడిగినవన్నీ చేయించుకుంటే ఆ ముఖం ఎవరి లెక్కకూ అందదు.

ముక్కుపుటాల సంగతే దగ్గరగా చూద్దాం. ఎదురుగా చూస్తే రంధ్రాలు కనిపిస్తున్నాయి, మూయండి అని పేషెంటు అడుగుతారు. తేలిగ్గా తోచే దారి పుటాల అడుగున చర్మం కొంత కోసి కుట్టడం, సాధారణంగా ఒక్కో వైపు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. కానీ రంధ్రాలు కనిపించడానికి కారణం చాలాసార్లు వెడల్పు కాదు. ముక్కు కొస పైకి తిరిగి ఉండటమో, పుటం అంచు పైకి లాక్కుపోవడమో అసలు కారణం. ముక్కుకూ పైపెదవికీ మధ్య కోణం పురుషుల్లో 90-95 డిగ్రీలు, స్త్రీలలో 95-110 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అది 115 దాటితే అడుగున ఎంత కోసినా రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పుడు ముక్కు మధ్య గోడ నుంచో చెవి నుంచో తీసిన మృదులాస్థితో కొసను కిందికి దించాలి, లేదా అంచుకు ఆసరా పెట్టాలి. ఇది గమనించకుండా పుటాలు కోసినవారికి వెడల్పు తగ్గుతుంది, ఫిర్యాదు తీరదు. మరికొంత కోస్తే రంధ్రం ఇరుకై ఊపిరి ఆడదు. కోసేసిన చర్మాన్ని తిరిగి అతికించే దారి లేదు.

చెక్కిలి ఎముక తగ్గించడం ఇంకా పెద్ద పని. ఎముకను కోసి లోపలికి జరిపి ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. దాన్ని అంటిపెట్టుకున్న కండ ఊడితే బుగ్గ జారుతుంది. భర్తకు అరిష్టమన్న మాట విని ఈ ఆపరేషన్‌కు సిద్ధపడే స్త్రీకి ముందు చెప్పాల్సింది ఆ మాటకు ఆధారం లేదని.

కనుబొమల మధ్య చోటును చైనా సాముద్రికం జీవస్థానంగా చూస్తుంది. అక్కడ గుంట గానీ గీత గానీ ఉండకూడదంటుంది. దాంతో నిండుగా ఉండాలని ఫిల్లర్ (చర్మం కింద సూదితో నింపే పదార్థం) అడుగుతారు. ముఖంలో ఫిల్లర్‌కు అత్యంత ప్రమాదకరమైన చోట్లలో అదొకటి. అక్కడ నడిచే సన్నని ధమనులు కంటికి రక్తం అందించే ధమని కొమ్మలు. సూది వాటిలో దిగి మందు ఒత్తిడితో వెళ్తే రక్తానికి ఎదురు ప్రయాణించి, ఒత్తిడి తగ్గగానే ప్రవాహంతో కొట్టుకుపోయి రెటీనా ధమనికి అడ్డుపడుతుంది. గంట, గంటన్నర రక్తం అందకపోతే ఆ కంటికి చూపు తిరిగి రావడం చాలా అరుదు. ఫిల్లర్ల వల్ల చూపు పోయిన 98 కేసులపై 2015లో వచ్చిన సమీక్షలో దాదాపు 39 శాతం కనుబొమల మధ్య, 25 శాతం ముక్కు మీద ఇచ్చిన సూదులవే. దాదాపు సగం కేసుల్లో వాడింది పేషెంటు సొంత కొవ్వు. ఫిల్లర్లలో వాడే హైలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే ఎంజైమ్ ఉంది, కొవ్వుకు అదీ లేదు. అదృష్టం చెప్పేవాళ్లు నిండుగా ఉండమనే రెండు చోట్లూ ఇవే కావడం ఎంత ప్రమాదమో క్లినిక్కులు గోడ మీద రాసి పెట్టాలి.

మరి సాముద్రికంలో నిజమే లేదా అంటే, ఒక నిజం ఉంది, అది చూసేవారి గురించి. మనస్తత్వవేత్త అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, ముఖం చూసి ఎవరు సమర్థులో చెప్పమంటే ఆ ఊహలు అమెరికా సెనేట్ ఎన్నికల ఫలితాలతో దాదాపు 70 శాతం కలిశాయి. గెలిచినవాళ్లు నిజంగా సమర్థులని దీనికి అర్థం కాదు, చూసేవాళ్లు ఒకే రకంగా పొరబడతారని అర్థం. పెదవి మూలలు వాలి ఉంటే దిగులు, కనుబొమల మధ్య గీతలుంటే కోపం అనుకుంటారు. ఇలా అపార్థానికి గురయ్యేవారి బాధ వాస్తవం, దానికి సాయం చేయవచ్చు.

అందుకే పేషెంటు సాముద్రికం మాట ఎత్తితే కొట్టిపారేయకూడదు. 'మిమ్మల్ని చూసి జనం ఏమనుకుంటున్నారని అనిపిస్తోంది?' అని అడగాలి. 'కోపంగా ఉన్నానంటారు' అంటే కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ చాలు: కనుబొమల మధ్య ఐదు చోట్ల నాలుగేసి యూనిట్లు, మొత్తం 20. మూడు నాలుగు నెలల్లో ప్రభావం పోతుంది, నచ్చకపోతే మళ్లీ వేయించుకోనక్కర్లేదు. 'ఉద్యోగం రావడం లేదు, పెళ్లి కుదరడం లేదు' అంటే కత్తి పక్కన పెట్టాలి. ఆపరేషన్ తర్వాత కూడా అది జరగకపోతే తప్పు కొత్త ముక్కుదవుతుంది, పేషెంటు రెండో సర్జరీకి వస్తారు. అద్దం ముందు గంటలు గడుపుతూ ఇతరులకు కనిపించని లోపం గురించే బాధపడేవారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి.

సెల్ఫీ చూపించి ఇదిగో వెడల్పు ముక్కు అనేవారికి ముందు సరైన ఫొటో తీయాలి. అడుగు దూరం నుంచి తీస్తే ఐదడుగుల దూరంతో పోల్చినప్పుడు ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్కగట్టారు. ముఖం చూసి జాతకం చెప్పే యాప్‌లకు జనం ఇచ్చేదీ ఎక్కువగా ఆ ఫొటోలే.

ఇక పుట్టుమచ్చలు. అరిష్టమని లేజర్‌తో కాల్చేస్తే ఆ కణజాలం ఆవిరైపోతుంది, పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. మచ్చ రెండు సగాలూ పోలిక లేకుండా ఉన్నా, అంచులు చిందరవందరగా ఉన్నా, రంగులు కలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా, ఈమధ్య మారుతున్నా ముందు డెర్మటాలజిస్టు డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూడాలి. అనుమానముంటే కత్తితో తీసి బయాప్సీకి పంపాలి. పుట్టుమచ్చలా కనిపించే చర్మ క్యాన్సర్ మెలనోమాను కాల్చేస్తే పైన నల్లదనం పోతుంది, లోపల మిగిలింది కనిపించకుండా పెరుగుతుంది.