చీటీలు తీయడం మా జిల్లాలో కుదరదు

హైస్కూలు పిల్లలకు గణాంకశాస్త్రం పాఠాలు రాసే పెద్దలకు నెల్లూరు జిల్లా నుంచి ఒక విన్నపం. శాంపిల్ తీయడానికి మీరు చెప్పే యాదృచ్ఛిక పద్ధతి ఇక్కడ చెల్లదు. జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలట. ఎవరి అబ్బాయో, ఎవరి తాలూకో, ఎవరు ఫోన్ చేసి చెప్పారో చూడకుండా చీటీ తీసి పిలవాలట! పెద్దాచిన్నా లేని ఈ పద్ధతిని పసిపిల్లలకు నేర్పడం ఏం న్యాయం?

బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు చూడండి. మొదటి నంబరు చీటీలో తీసి, అక్కణ్ణుంచి ప్రతి పదో పిల్లాడినీ లేపితే అది క్రమబద్ధ పద్ధతి అని పుస్తకంలో ఉంది. మా దగ్గర అంత శ్రమ అక్కర్లేదు. పదమూడో ఎక్కం దగ్గర తడబడేవాళ్లందరికీ ఆ రోజు పొద్దున్నే జ్వరం వస్తుంది. అధికారి "ఎవరినైనా ఒకరిని లేపండి" అంటారు. ఆ ఎవరైనా ఎవరో క్లాసంతటికీ తెలుసు. ఆ అమ్మాయి అప్పటికే లేచి నిలబడి ఉంటుంది.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల సర్వే కోసం కోటి మందికి కార్డులు పంపింది. ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాలు చూసి పేర్లు ఏరుకుంది. దాదాపు 24 లక్షల జవాబులు లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్‌దే గెలుపు అంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. దాదాపు 50 వేల మందిని మాత్రమే అడిగిన గాలప్ అనే సర్వేల నిపుణుడు ఫలితం సరిగ్గా చెప్పాడు. రెండేళ్లకు ఆ పత్రిక మూతపడింది. అన్యాయం కాదూ? ఫోన్ లేనివాణ్ణి ఎవరైనా అభిప్రాయం అడుగుతారా? మా వాట్సాప్ గ్రూపులు ప్రతి ఎన్నికకూ ఇదే పద్ధతిలో సర్వేలు చేస్తున్నాయి. ఒక్క గ్రూపూ మూతపడలేదు.

అన్నట్టు, గణాంకశాస్త్రంలో ప్రపంచం మెచ్చిన సి.ఆర్. రావు చిన్నప్పుడు గూడూరులో కూడా చదువుకున్నారు. కాబట్టి ఈ ప్రాంతం వాళ్లందరికీ లెక్కలు సహజంగానే వస్తాయని మా నమ్మకం. శాంపిల్ సైజు ఒకటి. చాలు.

ఇక అసలు విషయం, రొయ్యల చెరువు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు పట్టుబడి ముందు చెరువులో వల విసిరి, పడినవాటిలో కిలో తూచి లెక్కపెడతారు. అదే కౌంట్. 50 తేలితే రొయ్య 20 గ్రాములు. 60 తేలితే 17 గ్రాములు కూడా ఉండదు, రేటు అక్కడికక్కడే జారిపోతుంది. చెరువంతా తూచలేరు కాబట్టి ఆ ఒక్క కిలోనే నాలుగు నెలల కష్టానికి సాక్షి. జనాభాను భాగాలుగా విడగొట్టి శాంపిల్ తీసే స్తరిత పద్ధతి తెలిసినవాడైతే చెరువులో గట్టు వారన, నడిమధ్యన, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ దగ్గర విడివిడిగా వల వేయించి, ఏ భాగం ఎంత ఉందో దాన్నిబట్టి లెక్క కడతాడు. గట్టు మీద జరిగేది వేరు.

"ఈడ కాదన్నా, ఆడ వెయ్యి" అంటాడు రైతు.

"ఆడ లోతన్నా, ఈడే వేస్తాలే" అంటాడు కొనేవాడు.

ఇద్దరికీ చెరువు గురించి బాగా తెలుసు. చిన్నవి ఎక్కడుంటాయో ఒకరికి, పెద్దవి ఎక్కడుంటాయో ఇంకొకరికి. కొనేవాడి కిలోలో 60, రైతు కిలోలో 48 వస్తాయి. అరగంట కేకల తర్వాత 56 దగ్గర ఒప్పుకుంటారు. సగటు 54 కదా అని మీ పుస్తకం అడగవచ్చు. ఐస్ బండి వచ్చి నిలబడ్డాక సగటు ఎటు మొగ్గుతుందో మీ పుస్తకానికి తెలియదు.

అందుకని వచ్చే పబ్లిక్ పరీక్షలో ఈ ప్రశ్న చేర్చాలని కోరుతున్నాం. "ఒకే చెరువులో ఒకే రోజు రెండుసార్లు వల వేశారు. మొదటిసారి కౌంట్ 60, రెండోసారి 48. వల విసిరినవాడు ఎవరి బావమరిదో కారణాలతో వివరించుము. 4 మార్కులు."